పాత కారుకు బ్యాక్ కెమెరా: వైరు లాగడం నుంచి స్క్రీన్ మీద గీతలు సరిచూసుకోవడం దాకా

మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. కెమెరా మాత్రం తప్పనిసరి కాదు. అందుకే కింది వేరియంట్ కొన్నవాళ్లకు బీప్ వినిపిస్తుంది కానీ బొమ్మ కనిపించదు. అంతకంటే పాత కార్లలో చాలావాటికి ఆ బీప్ కూడా లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ గొడవ తక్కువ, అక్కడ 2018 మే నుంచి తయారైన కొత్త కార్లన్నిటికీ కెమెరా కంపెనీ నుంచే రావాలి.

కెమెరా బిగించడం రెండు స్క్రూల పని. అసలు పనంతా వైరుదే. డిక్కీ డోరు నుంచి డ్యాష్‌బోర్డు దాకా వైరు ఏ దారిన వెళ్లింది, రివర్స్ లైటు దగ్గర కరెంటు ఎలా తీసుకున్నారు, ఎర్త్ ఎక్కడ ఇచ్చారు అన్నదాన్ని బట్టే అది ఏళ్ల తరబడి పనిచేస్తుందా, మొదటి వానాకాలానికే మూలపడుతుందా అన్నది తేలుతుంది. షాపులో హడావుడిగా వేసేటప్పుడు ఎగ్గొట్టేదీ ఈ పనే. ఇంట్లో స్పానర్ పట్టుకునే అలవాటున్నవాళ్లు ఓ ఆదివారం కేటాయిస్తే తామే శుభ్రంగా చేసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది మామూలు హ్యాచ్‌బ్యాక్ కారు గురించి, అంటే స్విఫ్ట్, వ్యాగనార్, ఐ10 లాంటి వాటి గురించి. అందులో బయట వేయించిన ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ ఉందనుకుందాం. మీది కంపెనీ స్క్రీన్ అయితే వైర్లు కోయకండి. చాలా మోడళ్లకు కెమెరా కోసం విడిగా కప్లర్ దొరుకుతుంది, అది తెచ్చుకుని గుచ్చితే చాలు. వారంటీ ఉన్న కారులో వైరు కోసిన గుర్తు కనిపిస్తే, రేపు ఏ ఎలక్ట్రికల్ సమస్య వచ్చినా సర్వీస్ సెంటర్ వాళ్లు ఆ కోతనే చూపిస్తారు.

కొనే ముందు

ముందు స్క్రీన్ ఏ రకం సిగ్నల్ తీసుకుంటుందో తెలుసుకోండి. పాత, చవక స్క్రీన్లు సీవీబీఎస్ అనే మామూలు వీడియో మాత్రమే తీసుకుంటాయి. కొత్త వాటిలో చాలావరకు, ఇంకా తేటైన వీడియో రకమైన ఏహెచ్‌డీ కూడా తీసుకుంటాయి. ఏహెచ్‌డీ కెమెరాలో బొమ్మ బాగా తేటగా ఉంటుందని అది తెచ్చి పాత స్క్రీన్‌కు తగిలిస్తే ఏమీ రాదు, లేదా అడ్డదిడ్డంగా గీతలు వస్తాయి. కెమెరా పాడైందని షాపు చుట్టూ తిరిగేవాళ్లలో కొందరి సమస్య ఇదే. స్క్రీన్ సెట్టింగ్స్‌లో రివర్స్ కెమెరా అనే చోట రెండు రకాలూ కనిపిస్తే ఏదైనా కొనొచ్చు. కనిపించకపోతే సీవీబీఎస్ తీసుకోండి.

నంబర్ ప్లేట్ ఫ్రేమ్‌లో ఇమిడి వచ్చే కెమెరాల జోలికి పోకండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు వచ్చాయి. పాత బండ్లకూ చాలామంది వేయించుకున్నారు. వాటిని బిగించే స్నాప్ లాక్‌లు ఒక్కసారికే పనికొస్తాయి, ఊడదీస్తే విరిగిపోతాయి. ప్లేట్ ఊడదీయకుండా ఫ్రేమ్ పెట్టలేం, ప్లేట్ మీద అక్షరాలకు అడ్డొచ్చేలా ఏదీ పెట్టకూడదు కూడా. ప్లేట్‌కు పైన, నంబర్ ప్లేట్ లైటు ఉండే పట్టీ కింద బిగించే చిన్న బ్రాకెట్ కెమెరా అన్నిటికంటే సుఖం. బంపర్‌కు గుండ్రంగా రంధ్రం చేసి దూర్చే రకం చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ నేలకు దగ్గరగా ఉంటుంది, బురదంతా దాని మొహానే పడుతుంది.

డబ్బా మీద ఐపీ67 అని ఉందో లేదో చూడండి. దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా నీరు దిగదు అని దాని అర్థం. వాటర్ వాష్‌లో పెట్టే ప్రెజర్ గన్‌కు మాత్రం ఇది హామీ కాదు. కడిగేవాళ్లకు ఆ సంగతి చెప్పుకోవడం మీ పని.

కెమెరాతో వచ్చే పసుపు పిన్నుల కేబుల్ మామూలుగా ఆరు మీటర్లుంటుంది. నాలుగు మీటర్లలోపు కారుకు సరిపోతుంది. ఎర్టిగా, ఇన్నోవా లాంటి పొడుగు బండ్లకు మలుపుల్లో తినేసే పొడవు కూడా కలిపి పురికొసతో కొలుచుకుని కొనండి. మధ్యలో అతుకు వేసిన కేబుల్ ఏదో ఒకరోజు ఏడిపిస్తుంది.

ఇవి కాక మల్టీమీటర్, ప్యానెళ్లు ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు, స్క్రూడ్రైవర్, పది నంబరు స్పానర్, ఒక ఆంపియర్ ఫ్యూజు దాని హోల్డర్‌తో సహా, వేడికి ముడుచుకునే స్లీవ్, కేబుల్ టైలు, బట్ట టేపు కావాలి. హైదరాబాద్‌లో వాళ్లకు ఈ చిల్లర సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో, విజయవాడలో వాళ్లకు ఆటోనగర్‌లో దొరుకుతుంది. మల్టీమీటర్ లేకుండా మొదలుపెట్టొద్దు. రంగు చూసి వైరు పోల్చుకోవడం ప్రమాదం, ఒకే కంపెనీ కార్లలో కూడా మోడల్ మారితే రంగు మారిపోతుంది.

వైరు లాగకముందే బొమ్మ చూడండి

చాలామంది వైరంతా లాగి, ప్యానెళ్లన్నీ మూసి, చివర్లో రివర్స్ గేరు వేసి చూస్తారు. రాకపోతే మళ్లీ మొత్తం విప్పాలి. తిరగేసి చేయండి. కేబుల్‌ను సీట్ల మీదుగా పరిచి అన్నీ తాత్కాలికంగా కలిపి, బొమ్మ వచ్చాకే క్లిప్పుల మీద చెయ్యి వేయండి.

కారును సమతలంగా ఉన్న చోట పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేరు వేస్తూ తీస్తూ పని చేయబోతున్నారు, కాబట్టి ఈ రాళ్లు ఊరికే కాదు.

స్టీరియో బయటికి తీసే ముందు తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి కాసేపు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో మిగిలిన కరెంటు దిగిపోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. డ్యాష్‌బోర్డులోగానీ సీట్ల కిందగానీ పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాన్ని కదిలించొద్దు, మీటర్ ముళ్లు అసలే పెట్టొద్దు. స్టీరియో చుట్టూ ఉన్న ఫ్రేమ్‌ను ప్లాస్టిక్ పట్టీతో ఒక మూల నుంచి లేపితే క్లిప్పులు ఊడొస్తాయి. గేరు రాడ్ మీద తువ్వాలు కప్పి, స్క్రూలు తీసి, స్క్రీన్‌ను దాని మీదికి మెల్లగా దించండి. వెనక 'కెమెరా ఇన్' అని రాసిన పసుపు సాకెట్ ఉంటుంది. పక్కనే ఉన్న వైర్ల గుత్తిలో 'బ్యాక్' అనో 'రివర్స్' అనో చీటీ అంటించిన సన్నటి వైరు వెతకండి. స్క్రీన్‌కు రివర్స్ గేరు పడిందని చెప్పేది ఆ వైరే. దొరికాక బ్యాటరీ మళ్లీ కలపండి.

ఇప్పుడు వెనక్కి రండి. రివర్స్ గేరు వేసినప్పుడు గేర్‌బాక్స్ దగ్గరున్న స్విచ్ కలిసి రివర్స్ బల్బుకు 12 వోల్టులు పంపుతుంది. ఆ కరెంటే కెమెరాను వెలిగించాలి, ఆ కరెంటే ముందున్న స్క్రీన్‌ను లేపాలి. మీకు కావలసింది ఆ ఒక్క ప్లస్ వైరు. కొన్ని కార్లలో రివర్స్ లైటు ఒకవైపే ఉంటుంది, రెండోవైపు గాజు ఉన్నా లోపల బల్బు ఉండదు. గేరు వేసి ఎటు వెలుగుతోందో చూసుకుని, అటువైపు డిక్కీ లోపలి మూత తీసి బల్బు హోల్డర్‌ను చేతికి అందేలా చేసుకోండి.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల ముల్లు బాడీకి పట్టిన, రంగు పూయని ఏదైనా బోల్టుకు, ఎర్ర ముల్లు హోల్డర్ వైర్లకు ఒక్కొక్కదానికీ పెట్టి చూడండి. గేరు వేసినప్పుడు 12 చుట్టుపక్కల, న్యూట్రల్‌లో సున్నా చూపించేదే మీ వైరు. అంతటితో ఆగొద్దు. గేరు న్యూట్రల్‌లోనే ఉంచి పార్కింగ్ లైట్లు వేయండి, బ్రేకు తొక్కించండి, ఇండికేటర్ వేయండి. వీటిలో దేనికైనా మీటర్ కదిలితే అది వేరే వైరు. తప్పు వైరు పట్టుకుంటే రాత్రి హెడ్‌లైట్లు వేసిన ప్రతిసారీ పాట ఆగిపోయి కెమెరా తెరుచుకుంటుంది, ఆ టెన్షన్ మీకొద్దు.

పసుపు పిన్నుల కేబుల్‌కు రెండు చివర్లా సన్నటి ఎర్ర వైరు ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. ఇది దేనికో తెలియక కొందరు కోసి పారేస్తారు. కేబుల్ లోపల ఆ చివర నుంచి ఈ చివర దాకా వెళ్లే వైరది. వెనక చివర దాన్ని రివర్స్ బల్బు ప్లస్‌కు, ముందు చివర స్క్రీన్ 'బ్యాక్' వైరుకు కలపాలి. అలా చేస్తే గేరు కబురు ముందుకు చేరడానికి విడిగా ఇంకో వైరు లాగక్కర్లేదు. ఎర్ర వైరు లేని కేబుల్ అయితే దాంతోపాటు మామూలు సన్న వైరు ఒకటి జతగా లాగండి.

కెమెరా ఎర్ర వైరు ఫ్యూజు మీదుగా అదే ప్లస్‌కు, నల్ల వైరు బాడీ ఎర్త్‌కు, పసుపు పిన్నులు రెండు చివర్లా వాటి వాటి చోట్లకు. తాత్కాలికమే కాబట్టి కొసలు మెలిపెట్టి పైన టేపు చుట్టండి, ప్లస్ కొస బాడీకి తగిలితే బల్బు ఫ్యూజు కొట్టేస్తుంది. ఇక తాళం ఆన్ చేసి గేరు వేయండి. బొమ్మ రావాలి.

వచ్చాక ఇంట్లో ఒకరిని పిలిచి కారు వెనక ఎడమవైపు, అంటే డ్రైవర్ పక్క సీటు ఉన్న వైపు నిలబెట్టి చెయ్యి ఊపమనండి. వాళ్లు స్క్రీన్ మీద కూడా ఎడమవైపే కనిపించాలి, అద్దంలో కనిపించినట్టు. కుడివైపు కనిపిస్తే కెమెరా ముందువైపు పద్ధతిలో ఉన్నట్టు. దాంతో రివర్స్ చేస్తే స్టీరింగ్ ఎటు తిప్పాలో బుర్ర తిరిగిపోతుంది. చాలా కెమెరాలకు వైరు మీద రెండు చిన్న మడతలు, ఎక్కువగా ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు రంగులో వేలాడుతుంటాయి. ఒకదాన్ని కోస్తే బొమ్మ ఎడమ కుడి మారుతుంది, ఇంకోదాన్ని కోస్తే దూరం అంచనాకు బొమ్మ మీద వచ్చే రంగు గీతలు పోతాయి. ఏది దేనికో కెమెరాతో వచ్చే కాగితం మీద ఉంటుంది. కోసే ముందు స్క్రీన్ సెట్టింగ్స్‌లో 'మిర్రర్' ఉందేమో చూడండి, ఉంటే కత్తెరతో పనిలేదు.

కొన్ని యూరోపియన్ కంపెనీల కార్లలో బల్బులను కంప్యూటర్ నడుపుతుంది. కరెంటును నిలకడగా కాకుండా ఆన్, ఆఫ్ చేస్తూ వేగంగా పంపుతుంది. కంటికి బల్బు మామూలుగానే వెలుగుతుంది కానీ బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. అలాంటి కార్లకు కెమెరా ఫిల్టర్ అని కెపాసిటర్ ఉన్న చిన్న డబ్బా అమ్ముతారు, దాన్ని ప్లస్ వైరు మధ్యలో పెట్టండి. కెమెరా మార్చి ప్రయోజనం లేదు.

బిగించడం, వైరు లాగడం

కెమెరాను వీలైనంత మధ్యలో పెట్టండి. నంబర్ ప్లేట్ లైటుకు మరీ ఆనుకుని పెడితే రాత్రిపూట ఆ వెలుగు గాజులో పడి బొమ్మ పాలిపోతుంది, రెండు లైట్లుంటే వాటి మధ్యలో చోటు చూడండి. వైరు లోపలికి వెళ్లడానికి కొత్త రంధ్రం ఆఖరి మార్గమే. ప్లేట్ లైటు హోల్డర్ తీస్తే దాని వెనక ఉండే ఖాళీలోంచి కెమెరా వైరు దూరిపోయే కార్లు చాలా ఉన్నాయి. తప్పదనుకుంటే పెయింట్ మీద టేపు వేసి, ముందు సన్న బిట్‌తో, తర్వాత కావలసిన సైజు బిట్‌తో డ్రిల్ చేయండి. అంచులు ఆకురాయితో నునుపు చేసి, బయటపడ్డ ఇనుముకు టచప్ పెయింట్ పూసి, రబ్బరు బుష్ పెట్టాకే వైరు దూర్చాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ పెయింట్ చుక్క పూయకపోతే ఏడాది తిరక్కుండానే తుప్పు గీతగా కారుతుంది. డబుల్ టేపు ఒక్కదాన్నే నమ్మకండి, మన ఎండలకు జారిపోతుంది. స్క్రూలు కూడా వేయండి.

ఇక అందరినీ విసిగించే చోటు, డిక్కీ డోరుకూ బాడీకీ మధ్యనున్న నల్ల రబ్బరు గొట్టం. వెనక వైపరు, లైట్ల వైర్లు అందులోంచే వెళ్తాయి. కెమెరా వైరు కూడా అందులోంచే వెళ్లాలి. పక్కనుంచి బయటికి తీసి డోరు సందులోంచి పంపితే డిక్కీ వేసినప్పుడల్లా నలిగి తెగుతుంది, అక్కడి బీడింగ్ సరిగ్గా మూసుకోక వాన నీళ్లు కూడా దిగుతాయి. గొట్టం రెండు చివర్లనూ వేళ్లతో నొక్కి గాడిలోంచి బయటికి లాగండి. బట్టల హ్యాంగర్ తీగను నిటారుగా చేసి, కొసను గుండ్రంగా మడిచి, కాస్త సబ్బు నీళ్లు రాసి ఒక చివర నుంచి గుచ్చండి. లోపలి వైర్లను గీరుకోకుండా మెల్లగా తోయాలి. రెండో చివర కొస కనిపించాక కెమెరా వైరును దానికి టేపుతో సన్నగా చుట్టి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. పిన్ను లావుగా ఉండి ఇరుక్కుంటే గట్టిగా గుంజకండి, గొట్టాన్ని చేత్తో చిన్న చిన్న మడతలుగా పిన్ను మీదికి జరుపుకుంటూ పోవాలి. అయ్యాక డిక్కీ పూర్తిగా ఎత్తి చూడండి. ఆ స్థితిలో వైరు బిగుసుకోకూడదు, కొంచెం వదులు లోపలే ఉంచండి. గొట్టం అంచులు తిరిగి గాడిలో చుట్టూ సరిగ్గా కూర్చున్నాయో వేలితో తడిమి చూడండి, ఒక్క చోట లేచి ఉన్నా నీరు దిగేది అక్కడే.

అక్కడి నుంచి వైరును కారు ఎడమవైపున తీసుకెళ్లండి. కుడివైపు పెడళ్లు, స్టీరింగ్ ఉంటాయి, వైరు వేలాడి కాలికి తగలకూడని చోటది. ఎడమవైపు వెనక పిల్లర్ నుంచి కిందికి దించి, డోర్ల కింద గడప దగ్గరుండే ప్లాస్టిక్ పట్టీలు లేపి, అప్పటికే అక్కడున్న కంపెనీ వైర్ల కట్టకు టైలతో కట్టుకుంటూ ముందుకు రండి. పైకప్పు అంచు వెంట లాగడం సులువే కానీ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లున్న కారులో అవి అక్కడే మడిచి ఉంటాయి, వాటి ముందు వైరు అడ్డంగా ఉండకూడదు. సీట్ బెల్ట్ చుట్టుకునే పెట్టె దగ్గర కూడా వైరు దూరంగా జరపండి. ముందు సీటు దగ్గరికి వచ్చాక పక్క ప్యానెల్ వెనకగా పైకి తీసి, గ్లవ్ బాక్స్ దించి, దాని వెనకనుంచి స్టీరియో గూటిలోకి లాగండి. మిగిలిన వైరు ఉండలా చుట్టి స్టీరియో వెనక కుక్కొద్దు, గ్లవ్ బాక్స్ వెనక కట్టి పెట్టండి.

అతుకులు

బ్యాటరీ మైనస్ మళ్లీ విప్పి ఈ పని చేయండి. బల్బు ప్లస్ వైరును తెంపక్కర్లేదు. పై తొడుగు సెంటీమీటరు మేర ఒలిచి, కెమెరా ఫ్యూజు వైరునూ సన్న ఎర్ర వైరునూ దానికి చుట్టి సోల్డర్ చేసి, మీద బట్ట టేపు గట్టిగా చుట్టండి. తెంపకుండా స్లీవ్ ఎక్కించలేం కాబట్టి ఇక్కడ టేపే గతి. మిగిలిన అతుకులన్నిటికీ స్లీవ్ వేయండి, వైర్లు కలపకముందే దాన్ని ఎక్కించి పెట్టుకోవాలి. నొక్కితే పట్టుకునే చవక ప్లాస్టిక్ క్లిప్పులు డ్యాష్‌బోర్డు లోపల పర్వాలేదు, టెయిల్ లైటు దగ్గరి చెమ్మకు వాటి నాలుక పచ్చబడి కరెంటు ఆగిపోతుంది. ఎర్త్‌కు రంగు పూసిన బోల్టు పనికిరాదు. కింద ఇనుము మెరిసేదాకా గీకి, వైరు చివర రింగు టెర్మినల్ పెట్టి బిగించండి.

ప్యానెళ్లు మూసేముందు బ్యాటరీ కలిపి మరోసారి గేరు వేసి చూడండి. ఇప్పుడు ఇంజిన్ కూడా స్టార్ట్ చేసి చూడండి. రాళ్లు అలాగే ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుని మాత్రమే.

గీతలు

స్క్రీన్ మీద వచ్చే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు మీ కారును చూసి గీసినవి కావు. కెమెరా ఎంత ఎత్తులో, ఎంత వంపులో ఉందో వాటికి తెలియదు. బంపర్ నుంచి అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దూరంలో ముగ్గుపిండితో నేల మీద అడ్డగీతలు వేయండి, కారు వెడల్పుకు సరిపడా రెండు నిలువు గీతలు కూడా. స్క్రీన్ అడుగున బంపర్ అంచు సన్నగా కనిపించేలా కెమెరా వంచి స్క్రూ బిగించండి. బంపర్ అసలు కనిపించకపోతే దానికి ఆనుకుని ఉన్న వస్తువు కనిపించదు, మరీ ఎక్కువ కనిపిస్తే దూరం తగ్గిపోతుంది. తర్వాత సెట్టింగ్స్‌లో గీతలు జరిపే వీలుంటే ముగ్గుకు సరిపెట్టండి. వీలు లేకపోతే ఎర్ర గీత మీ కారుకు నిజంగా ఎంత దూరమో చూసి గుర్తుంచుకోండి. అది మీటరు దగ్గర పడొచ్చు, పావు మీటరు దగ్గరా పడొచ్చు. స్టీరింగ్ తిప్పినా మామూలు కెమెరా గీతలు వంగవు, నిటారుగానే ఉంటాయి, వాటిని నమ్మి మలుపు కొట్టొద్దు. పక్కల నుంచి పరిగెత్తుకొచ్చే పిల్లలు బొమ్మలోకి వచ్చేసరికే ఆలస్యం అవుతుంది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అయితే ముందు మెడ తిప్పి చూసుకోండి.

తర్వాత ఏదైనా తేడా వస్తే

గేరు వేసినా స్క్రీన్ పాటల దగ్గరే ఉండిపోతే కబురు వైరు పోయింది, ఎర్ర సన్న వైరు రెండు చివర్లూ మీటర్‌తో చూడండి. స్క్రీన్ నల్లగానో నీలంగానో మారి బొమ్మ రాకపోతే కబురు అందుతోంది కానీ కెమెరా పలకడం లేదు: దాని ఫ్యూజు, ఎర్త్, పసుపు పిన్ను, ఈ వరుసలో చూడండి. బొమ్మ మీద గీతలు కిందినుంచి పైకి పాకుతుంటే ఎక్కువసార్లు ఎర్త్ వదులై ఉంటుంది. గాజు లోపలే ఆవిరి పట్టి తెల్లారి మసకగా ఉంటే కెమెరాలోకి నీరు దిగినట్టు, దానికి రిపేరు లేదు, కెమెరా మార్చడమే. బొమ్మ ఒకరోజు వచ్చి ఒకరోజు రాకుండా సతాయిస్తుంటే, గేరు వేసి ఉంచి ఒకరిని స్క్రీన్ చూడమని చెప్పి డిక్కీని మెల్లగా ఎత్తండి. ఏదో ఒక ఎత్తు దగ్గర బొమ్మ పోయి మళ్లీ వస్తే వైరు రబ్బరు గొట్టంలో విరిగింది. అక్కడ అతుకు వేయకండి, వంగే చోట సోల్డర్ నిలవదు. డోరు లోపలి నుంచి వెనక పిల్లర్ దాకా ఆ ముక్కను కొత్తది లాగి, అతుకులు రెండూ కదలని చోట పడేలా చూసుకోండి.